పొన్నగంటి కూర ఇంట్లో పెంచుకుని, సరిగ్గా వండుకోవడం ఎలా?

పొన్నగంటి కూర కొనేటప్పుడు అందరం చూసేది ఒక్కటే, ఆకు తాజాగా ఉందా వాడిపోయిందా అని. అది ఎక్కడ పెరిగిందని అడిగేవాళ్ళు తక్కువ. ఈ ఆకు విషయంలో ముందు అడగాల్సింది మాత్రం అదే. పొన్నగంటికి తడి అంటే ప్రాణం. చెరువు గట్టు, పంట కాలువ, వరి మడి, మురుగు కాలువ పక్క, ఎక్కడ చెమ్మ ఉంటే అక్కడ దానంతట అదే పాకేస్తుంది. ఆ నీళ్ళలో ఏముంటే దాన్ని లాక్కుంటుంది కూడా. సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి లోహాలు కలిసిన నీటిలో పెరిగిన పొన్నగంటి వాటిని వేళ్ళలోనూ ఆకుల్లోనూ పోగేసుకుంటుందని పరిశోధనల్లో తేలింది. పాడైన నేలను శుభ్రం చేయడానికి ఈ మొక్క పనికొస్తుందేమోనని కూడా ప్రయోగాలు చేశారంటే ఎంతగా లాక్కుంటుందో ఊహించుకోవచ్చు. ఇబ్బంది ఏంటంటే, అలాంటి చోట పెరిగిన ఆకు చూడ్డానికి ఇంకా నిగనిగలాడుతూ ఉంటుంది. కడిగితే మట్టి పోతుంది కానీ లోహం పోదు. ఉడికించినా పోదు.

కాబట్టి దీన్ని ఆరోగ్యం కోసం తినాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. నమ్మకమైన చోటు నుంచి వస్తోందని తెలిస్తే కొనుక్కోండి, తెలియకపోతే కుండీలో పెంచుకోండి. ఇంత తేలిగ్గా పెరిగే ఆకుకూరలు తక్కువే. విత్తనాలు వెతకక్కర్లేదు, పందిరి అక్కర్లేదు, పెద్ద తోటా అక్కర్లేదు. నాలుగు కాడలు దొరికితే చాలు.

మొదట, అది పొన్నగంటేనా చూసుకోండి

పొన్నగంటి తోటకూర కుటుంబానికి చెందిన మొక్క. శాస్త్రీయ నామం ఆల్టర్నాంథెర సెసిలిస్. ఆయుర్వేదంలో మత్స్యాక్షి అంటారు. తమిళులు పొన్నాంగన్ని అని, కన్నడిగులు హొనగొన్నె అని, శ్రీలంకలో సింహళీయులు ముకునువెన్న అని పిలుస్తారు. శ్రీలంకలో ఇది అందరూ మామూలుగా తినే ఆకుకూర.

గుర్తుపట్టడానికి ఒక కాడ చేతిలోకి తీసుకోండి. ప్రతి కణుపు దగ్గరా రెండు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. ఆకు సన్నగా, పొడుగ్గా, రెండు చివర్లా కొంచెం కోసుగా, అంగుళం నుంచి రెండు అంగుళాల దాకా ఉంటుంది. అంచులు దాదాపు నున్నగా ఉంటాయి, రంపపు పళ్ళలా కనిపించవు. ఆకు తొడిమ చాలా పొట్టిది. కాడ పచ్చగా ఉండొచ్చు, ఎండ ఎక్కువ తగిలితే ఊదారంగు కూడా తిరుగుతుంది. నేలను తాకిన కణుపుల దగ్గర తెల్లటి వేళ్ళు బయటికి వచ్చి ఉంటాయి.

అసలు గుర్తు పువ్వు. ఆకు, కాడ కలిసే మూలలో చిన్న తెల్లటి బొడిపెల్లా పూలు వస్తాయి. వాటికి కాడ ఉండదు, కణుపుకే అతుక్కుని ఉంటాయి. ఈ ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే దీనికి ఒక దగ్గరి చుట్టం ఉంది. దాని పేరు ఎలిగేటర్ వీడ్. దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన చెరువుల మీద, కాలువల మీద చాపలా పరుచుకున్న కలుపు మొక్క అది. ఆకు కొంచెం పెద్దది, కాడ గుల్లగా ఉంటుంది, పువ్వు మాత్రం అంగుళం పైబడిన కాడ చివర తెల్లటి బంతిలా పైకి నిలబడుతుంది. చాలామంది కాడ గుల్లగా ఉందా లేదా అని విరిచి చూసి తేల్చేస్తారు. అది నమ్మకమైన పరీక్ష కాదు. నీళ్ళలో తేలుతూ పెరిగితే పొన్నగంటి కాడ కూడా కొంత గుల్లబారుతుంది. పువ్వు వచ్చేదాకా ఆగి, అది కణుపుకి అతుక్కుని ఉందా, కాడ మీద నిలబడిందా అని చూడండి.

ఈ రెండింటినీ పొరబడటం ఏదో అప్పుడప్పుడు జరిగే విషయం కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో స్థిరపడిన శ్రీలంక కుటుంబాలు ముకునువెన్న అనుకుని పెరట్లో ఎలిగేటర్ వీడ్‌ని పెంచుకుంటున్నట్టు 1990లలో బయటపడింది. అక్కడ అది నిషేధించిన మొక్క. చివరికి అధికారులు దాన్ని తీయించి, బదులుగా అదే జాతిలో ఆ దేశానికే చెందిన మరో మొక్కను కూర కోసం పెంచుకోమని ఇచ్చారు. రోజూ ఆ ఆకు తిని పెరిగినవాళ్ళే పొరబడ్డారంటే, మనం ఒకసారి ఆగి చూసుకోవడంలో నామోషీ ఏం లేదు.

గుంటగలగరతో కూడా కొందరు పొరబడతారు. అదీ తడి నేలలోనే, ఎదురెదురు ఆకులతో, తెల్ల పూలతో పెరుగుతుంది. తేడా తెలుసుకోవడం చాలా సులువు. ఆకును వేళ్ళతో రుద్దితే గుంటగలగర గరుగ్గా తగులుతుంది, పొన్నగంటి మెత్తగా ఉంటుంది. కాడ విరిచి కాసేపు ఉంచితే గుంటగలగర విరిగిన చోట నల్లబడుతుంది. పొన్నగంటి అలా నల్లబడదు.

నేలకి అంటుకుని పెరుగుతూ, పూల దగ్గర చేతికి గుచ్చుకునే ముళ్ళ రకం ఒకటి ఉంది. అది తినేది కాదు. నర్సరీల్లో కుండీల అందం కోసం అమ్మే ఎర్రాకు రకాల్ని కూడా కూరలోకి కోయకండి. వాటి మీద ఏ మందు కొట్టి ఉంటారో మనకి తెలియదు.

కాడలు నాటడం

ఇరుగుపొరుగు కుండీలోంచి తెచ్చుకున్న కాడలైతే మేలు. లేదంటే కొన్న కట్టలోంచే ఏరుకోవచ్చు. కొన్న కట్ట తినడానికి మీకు నమ్మకంగా లేకపోయినా నాటుకోవడానికి పనికొస్తుంది. మొదటి కోతనీ, రెండో కోతనీ తినకుండా పారేయండి. ఆ తర్వాత వచ్చే ఆకంతా మీ మట్టిలో, మీ నీళ్ళతో పెరిగిందే.

మరీ లేతగా ఉన్న చివరి భాగం నాటితే కుళ్ళిపోతుంది, మరీ ముదిరిన అడుగు భాగం చిగురించడానికి మొరాయిస్తుంది. మధ్యస్థంగా, వంచితే వంగి టక్కున విరిగే కాడ తీసుకోండి. 5 లేదా 6 అంగుళాల పొడవు, నాలుగు కణుపులు ఉంటే సరిపోతుంది. కింది రెండు కణుపుల దగ్గర ఆకులు తుంచేయండి. ఆ రెండూ మట్టిలోకి వెళ్ళాలి, వేళ్ళు అక్కడినుంచే వస్తాయి. పైన ఉన్న ఆకుల్లో మరీ పెద్దవి ఉంటే అవి కూడా తీసేయండి. వేళ్ళు లేని కాడ అంత ఆకుని మోయలేక వాడిపోతుంది.

నమ్మకం కుదరకపోతే కాడల్ని ముందు గ్లాసు నీళ్ళలో పెట్టుకోండి. వారంలోపు కణుపుల చుట్టూ తెల్లటి పోగుల్లా వేళ్ళు కనిపిస్తాయి. అప్పుడు మట్టిలోకి మార్చవచ్చు. నీళ్ళు రెండు రోజులకోసారి మార్చాలి. నా వరకైతే నేరుగా మట్టిలో పెట్టడమే నయం. నీళ్ళలో పుట్టిన వేళ్ళు పెళుసుగా ఉండి మార్చేటప్పుడు తెగిపోతుంటాయి.

కుండీ లోతు కంటే వెడల్పు ముఖ్యం. ఈ మొక్క పాకుతుంది కానీ లోతుకు పెద్దగా దిగదు. 6 నుంచి 8 అంగుళాల లోతు, ఒకటిన్నర అడుగు వెడల్పు ఉన్న టబ్బు ఏదైనా పనికొస్తుంది. అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు ఉండాలి. తడి ఇష్టమే కదా అని రంధ్రాలు లేని టబ్బులో పెట్టేవాళ్ళున్నారు. మొక్క బతుకుతుంది, కానీ మట్టి పులిసి వాసన కొడుతుంది, దోమలు చేరతాయి. మట్టి రెండు పాళ్ళు, బాగా చివికిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్ట్ గానీ ఒక పాలు, ఇసుక లేదా కోకోపీట్ ఒక పాలు కలిపితే చాలు. ఆ మట్టి రోడ్డు పక్కన, ఫ్యాక్టరీల దగ్గర, పాత ఇల్లు కూల్చిన చోట తవ్వింది కాకూడదు. పాత పెయింట్లలో సీసం ఉంటుంది. కాలువ పక్క ఆకు వద్దనుకుని ఇంట్లో పెంచుకుంటూ, ఆ సీసాన్ని మళ్ళీ మట్టితో తెచ్చుకుంటే పెంచుకుని ఏం లాభం?

కాడకి కాడకి మధ్య మూడు నాలుగు అంగుళాలు వదిలి, కొంచెం ఏటవాలుగా నాటండి. చుట్టూ మట్టిని వేళ్ళతో నొక్కి, నీళ్ళు చల్లి, వారం రోజులు నీడలో ఉంచండి. మొదటి రెండు మూడు రోజులు తల వేలాడేస్తాయి. కంగారుపడి పీకి చూడకండి. కొత్త చిగురు కనిపించిందంటే వేరు పట్టినట్టే.

నలుగురు ఉన్న ఇంటికి వారానికోసారి కూర సరిపడా కావాలంటే ఇలాంటి టబ్బులు మూడైనా పెట్టుకోవాలి. ఆకు ఉడికితే ఇంతే ఇంత అవుతుంది మరి. వాటిని ఒకేసారి కాకుండా వారం తేడాతో నాటితే కోత కూడా వంతులవారీగా వస్తుంది.

ఎండ, నీళ్ళు, ఎరువు

ఉదయం పూట నాలుగైదు గంటల ఎండ తగిలితే చక్కగా పెరుగుతుంది. రోజంతా మండుటెండలో పెడితే చావదు కానీ ఆకు చిన్నదై, కాడ గట్టిపడి, త్వరగా పూతకొస్తుంది. కొంచెం నీడ పడే చోట ఆకు వెడల్పుగా, లేతగా వస్తుంది. ఎండాకాలంలో గ్రీన్ నెట్ కింద పెట్టడమో, గోడ నీడకు జరపడమో చేయండి. చలికాలంలో ఎదుగుదల మందగిస్తుంది, దానికి మందూ మాకూ వెతక్కండి.

మట్టి పైపొర ఎప్పుడూ చెమ్మగా ఉండాలి. ఎండాకాలంలో రోజూ రెండు పూటలా, మిగతా రోజుల్లో ఒకసారి పోస్తే సరిపోతుంది. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు భేషుగ్గా పోయొచ్చు. వాషింగ్ మెషీన్ నీళ్ళు, అంట్లు తోమిన సబ్బు నీళ్ళు పోయకండి.

ఎరువు విషయంలో పిసినారిగా ఉన్నా ఫర్వాలేదు. రెండు కోతలకి ఒకసారి టబ్బుకి రెండు గుప్పెళ్ళ వర్మీకంపోస్ట్ చల్లి, పైన కొంచెం మట్టి కప్పండి. యూరియా వేస్తే రెండు రోజుల్లో ఆకు ముదురాకుపచ్చగా మారుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ నత్రజని ఎక్కువైతే ఆకుకూరల్లో నైట్రేట్ పేరుకుంటుంది, పురుగు కూడా ఎగబడుతుంది. పచ్చి పేడ నీళ్ళలో కలిపి ఆకుల మీద పడేలా పోయడం కూడా మానేయండి.

కోయడం ఒక పద్ధతి

నాటిన నాలుగు నుంచి ఆరు వారాలకి కాడలు జానెడు పైగా పెరుగుతాయి. చాలామంది ఆకులు ఒక్కొక్కటే గిల్లుకుంటూ పోతారు. దానివల్ల మోడులా నిలబడ్డ కాడలు మిగులుతాయి, టబ్బు పలచబడుతుంది. కత్తెరతో కాడనే కోయండి. నేలకి రెండు కణుపులు వదిలి, ఆ పై కణుపుకి కాస్త పైన కోయాలి.

వారం తర్వాత అదే చోట వంగి చూడండి. ఒక్కో కణుపు దగ్గర ఎదురెదురుగా ఉన్న రెండు ఆకుల మూలల్లోంచి రెండు చిగుళ్ళు వస్తుంటాయి. అంటే ఒక కాడ కోసినచోట రెండు, ఒక్కోసారి నాలుగు కాడలు లేస్తాయి. రెండు మూడు కోతలయ్యేసరికి మట్టి కనిపించనంత గుబురవుతుంది. కోయడానికి వెనకాడేవాళ్ళ టబ్బులే పలచగా ఉంటాయి.

ఆ తర్వాత రెండు మూడు వారాలకోసారి కోసుకోవచ్చు. కణుపుల దగ్గర తెల్ల బొడిపెలు వరసగా కనిపిస్తున్నాయంటే మీరు ఆలస్యం చేసినట్టు. పూత మొదలయ్యాక ఆకు చిన్నబోయి, పీచు పడుతుంది. ఆ కాడల్లో పై చిగుళ్ళు కూరకి తీసుకుని, మిగతాది నేల దాకా కోసేయండి. మళ్ళీ లేతగా వస్తుంది.

పొద్దున్నే, ఎండ ఎక్కకముందు కోయండి. ఆ పూటే వండితే సరేసరి. దాచాలంటే కడగకుండా, పొడి నూలు గుడ్డలో వదులుగా చుట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది.

పురుగు పెద్ద టెన్షన్ కాదు. సన్నటి ఆకుపచ్చ గొంగళి పురుగు ఆకుల్ని సన్నని దారాలతో ముడిచి లోపల కూర్చుని గీకి తింటుంది. ముడుచుకున్న ఆకు కనిపిస్తే గిల్లి నలిపేయండి. ఎక్కువగా ఉంటే మొత్తం కోసేసి మళ్ళీ చిగురు రానివ్వడమే సులువు. పేనుబంక పడితే నీళ్ళ పైపుతో గట్టిగా కొట్టండి. అప్పటికీ లొంగకపోతే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. తర్వాత వారం రోజులు ఆ టబ్బు జోలికి వెళ్ళకండి. చేదు అంత త్వరగా పోదు.

ఏరడం, కడగడం

ఆకులు, పైన రెండంగుళాల లేత కాడ కూరకి. మిగతా కాడ ఉడికినా పీచుపీచుగా నోట్లో తగులుతుంది, దాన్ని తీసేయండి.

వెడల్పాటి గిన్నెలో నిండా నీళ్ళు పోసి ఆకు వేసి చేత్తో కలియబెట్టి, రెండు నిమిషాలు వదిలేయండి. మట్టి అడుగుకి దిగుతుంది. అప్పుడు ఆకుని పైనుంచి చేతులతో ఎత్తి వేరే గిన్నెలోకి తీసుకోవాలి. గిన్నె వంచి చిల్లుల పళ్ళెంలో పోస్తే దిగిన మట్టి మళ్ళీ ఆకు మీదకే వస్తుంది. ఇలా అడుగున నీళ్ళు తేటగా కనిపించేదాకా చేయండి. తరిగాక కడగకండి, ముందే కడిగి తర్వాత తరగాలి.

బయట కొన్న ఆకైతే ఉప్పు నీళ్ళలో పది నిమిషాలు ఉంచితే చిన్న నత్తలు, పురుగులు ఊడి వస్తాయి. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. చెరువుల్లో, కాలువల్లో నీళ్ళకి ఆనుకుని పెరిగిన ఏ ఆకునీ పచ్చిగా తినొద్దు. పశువుల కాలేయంలో ఉండే జలగ లాంటి పరాన్నజీవి పిల్లలు నీటి మొక్కలకి అంటుకుని ఉంటాయి. పచ్చిగా తిన్నవాళ్ళ కాలేయంలోకి చేరతాయి. బాగా ఉడికిస్తే చస్తాయి. ఉదయాన్నే పరగడుపున పచ్చి పొన్నగంటి రసం తాగమని వచ్చే వీడియోల్లో ఈ ముక్క చెప్పరు.

వండటం

పప్పులో వేసుకోవడం అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి వెళ్ళను. కందిపప్పు ముక్కాలు ఉడికాక ఆకు వేయండి, అంతే. నాకు దీని రుచి బాగా తెలిసేది పెసరపప్పు వేసిన పొడికూరలో.

రెండు పెద్ద చెంచాల పెసరపప్పు అరగంట నానబెట్టండి. తరిగిన ఆకు నాలుగు కప్పులు తీసుకోండి. మూకుడులో రెండు చెంచాల నూనె వేడి చేసి ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు వేయండి. వెల్లుల్లి అంచులు ఎర్రబడుతుండగా నీళ్ళు వంచేసిన పప్పు వేసి, చేతితో చిలకరించినన్ని నీళ్ళు చల్లి, మూతపెట్టి మూడు నాలుగు నిమిషాలు మగ్గనివ్వండి. పప్పు నలిపితే నలగాలి కానీ ముద్ద కాకూడదు. ఇప్పుడు ఆకు వేయండి. మూకుడు నిండిపోయినట్టు కనిపించినా కలుపుతుంటే నిమిషంలో అణిగిపోతుంది. ఆకు వేశాక మూత పెట్టకండి, రంగు మారిపోతుంది. ముందు ఆకు నీరు వదులుతుంది, చిటపటమంటూ ఆ నీరంతా ఇగిరిపోయాక చప్పుడు మారుతుంది, నూనెలో వేగుతున్న చప్పుడు వస్తుంది. అప్పుడే ఉప్పు వేయండి. ఆకు కుప్పగా ఉన్నప్పుడు చూసి ఉప్పు వేస్తే కూర కషాయం అవుతుంది. చివర్లో రెండు చెంచాల పచ్చికొబ్బరి తురుము వేసి దించేయండి. తినేముందు కొంచెం నిమ్మరసం పిండుకోండి.

ఆ నూనె, ఆ నిమ్మరసం రుచి కోసమే కాదు. పొన్నగంటిలో బీటా కెరోటిన్ ఉంటుంది, మన ఒంట్లో అది విటమిన్ ఎ గా మారుతుంది. కొవ్వు లేకుండా తింటే అది సరిగ్గా ఒంటికి పట్టదు. ఆకుల్లో ఉండే ఇనుము పట్టడానికి విటమిన్ సి సాయపడుతుంది. అదే ఇనుముని భోజనం చేసిన వెంటనే తాగే టీ, కాఫీ అడ్డుకుంటాయి. టీ గంట తర్వాత తాగండి.

ఇంకో పద్ధతి ఉంది. ఆకుని మరుగుతున్న నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ఉడికించి, నీళ్ళు వంచేసి, పిండి, తర్వాత నెయ్యితోనో నూనెతోనో తాలింపు వేయడం. ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. ఆకుకూరల్ని ఉడికించి, రసం పిండేసి, నెయ్యో నూనో బాగా చేర్చి తినమని చరక సంహితలోనే ఉంది. ఆకుకూరల్లో ఉండి కిడ్నీలో రాళ్ళకి కారణమయ్యే ఆక్సలేట్ల గురించి ఇప్పుడు చెప్పే సలహా కూడా దీనితో సరిగ్గా సరిపోతుంది, నీళ్ళలో కరిగే ఆక్సలేట్లు ఆ వంచేసిన నీళ్ళలో చాలావరకు పోతాయి. విటమిన్ సి కూడా కొంత పోతుందనుకోండి. అందుకని అందరికీ ఇది అవసరం లేదు. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు, ఆకుకూర తింటే కడుపు ఉబ్బరించేవాళ్ళు ఇలా చేసుకోవడం మేలు.

మందుగా ఎంతవరకు?

ఆయుర్వేద నిఘంటువుల్లో మత్స్యాక్షిని చేదు, వగరు, తీపి కలిసిన రుచిగా, చలవ చేసేదిగా, తేలిగ్గా అరిగేదిగా చెప్పారు. పిత్తం ఎక్కువైనప్పుడు, చర్మ వ్యాధుల్లో, రక్తానికి సంబంధించిన దోషాల్లో వాడమన్నారు. బాలింతలకి పాలు పడటానికి పెట్టే అలవాటూ ఉంది. ఇవన్నీ వైద్యుడు మనిషిని చూసి, ఏ రూపంలో, ఎంత, ఎన్నాళ్ళు అని చెప్పి ఇచ్చేవి. వంటింట్లో మనం చేసేది కూర. ఈ రెండింటినీ కలిపేయకండి.

ముఖ్యంగా కళ్ళ విషయంలో. పోయిన కంటికి పొన్నగంటి కూర అనే మాట వింటూనే ఉంటాం. అందులో నిజం లేకపోలేదు. విటమిన్ ఎ లోపంతో వచ్చే రేచీకటికి బీటా కెరోటిన్ ఉన్న ఆకుకూరలు మంచి ఆహారమే. కానీ శుక్లాలు ఆకుతో కరగవు, కంటి నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా తగ్గదు, కళ్ళజోడు నంబరు మారదు. గ్లాకోమాలో పోయిన చూపు మళ్ళీ రాదు కాబట్టి, ఆకు తింటూ ఆరు నెలలు చూద్దామనుకోవడం చాలా ఖరీదైన ప్రయోగం. ఆకు రసం కంట్లో పిండుకోవడం అయితే అస్సలు చేయకండి. ఎంత కడిగినా దాంట్లో సూక్ష్మజీవులు ఉంటాయి, నల్లగుడ్డు మీద పుండు పడితే చూపుకే ముప్పు.

మామూలు ఆరోగ్యవంతులు వారంలో రెండుసార్లు తినొచ్చు. రోజూ ఇదే తినడం కంటే తోటకూర, మెంతికూర, గోంగూరలతో మార్చిమార్చి తినడం మంచిది. ముందుగా డాక్టరుతో మాట్లాడాల్సినవాళ్ళు కొందరున్నారు. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమని చెప్పించుకున్నవాళ్ళు, ఆక్సలేట్ రాళ్ళు ఉన్నవాళ్ళు, వార్ఫరిన్, అసెనోకౌమరాల్ లాంటి రక్తం గడ్డకట్టకుండా వాడే మందుల మీద ఉన్నవాళ్ళు. ఈ మందులు వాడేవాళ్ళు ఆకుకూరలు పూర్తిగా మానేయాలని లేదు. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందు పనికి అడ్డుపడుతుంది కాబట్టి వారం వారం తినే మోతాదు దాదాపు ఒకేలా ఉండాలి. నెలంతా మానేసి, తోటలో బాగా వచ్చిందని ఒక్కవారం రోజూ తింటేనే చిక్కు. గర్భిణులు కూరగా తినేది వేరు, చూర్ణాలూ రసాలూ వేరు. రెండోవి సొంతంగా మొదలుపెట్టకండి. షుగర్ మందులు వాడేవాళ్ళకీ అదే మాట.

ఏడాది తిరిగేసరికి

ఎనిమిది పది నెలలకి టబ్బులో వేళ్ళు చిక్కుబడి, అడుగు కాడలు కట్టెలా అవుతాయి, చిగుళ్ళు పొట్టిగా వస్తుంటాయి. అప్పుడు మంచి కాడలు పది పదిహేను కోసి పక్కన పెట్టుకుని, మిగతాది మొత్తం పెళ్ళగించండి. మట్టిని రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, మూడో వంతు కొత్త కంపోస్ట్ కలిపి, అవే కాడల్ని మళ్ళీ నాటుకోండి. వర్షాకాలం మొదట్లో చేస్తే నీళ్ళ పని కూడా తప్పుతుంది.

పెళ్ళగించిన మొక్కల్ని, కూర ఏరగా మిగిలిన కాడల్ని కాలువలోనో ఖాళీ స్థలంలోనో పారేయకండి. ఒక్క కణుపు తడికి తగిలినా వేరు వేస్తుంది. మేడ మీద గట్టి ఎండలో పెళపెళలాడేలా ఎండబెట్టి, ఆ తర్వాత కంపోస్ట్ డబ్బాలో వేసుకోండి.